కాపలా కుక్క ఎందుకు మొరుగుతోంది?

సంచికకు ఏదైనా రాయన్నా అని మన హాస్టల్ తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు ఏం రాయాలో ముందు తోచలేదు. కవితలు రాసేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. హాస్టల్ జ్ఞాపకాలు సీనియర్ అన్నలు నాకంటే బాగా రాస్తారు. అందుకని ఎమ్మెస్సీ కంప్యూటర్స్ ప్రాజెక్టులో నన్ను పదకొండు రోజులు తిప్పలు పెట్టిన ఒక చిన్న లైను గురించి రాస్తున్నాను. కంప్యూటర్ కోర్సులో లేని తమ్ముళ్లు పేజీ తిప్పేయవద్దని మనవి. ఇందులో కొంత డప్పు గురించి కూడా ఉంది.

ఇంట్లో డిగ్రీ వరకు వచ్చినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. నాయన డప్పు కొడతాడు. పెదనాయన ఇంకా బాగా కొట్టేవాడు. ప్రాజెక్టుకు ఏ అంశం తీసుకోవాలి అన్నప్పుడు అందరూ లైబ్రరీ మేనేజ్‌మెంటు, హాస్పిటల్ మేనేజ్‌మెంటు అంటుంటే నేను డప్పు దెబ్బలను కంప్యూటర్‌లో పెట్టి, మీట నొక్కితే పలికేలా, దరువు నేర్చుకునేవాళ్లకు పనికొచ్చేలా చేస్తానన్నాను. గైడ్ సార్ కాసేపు ఆలోచించి సరే అన్నారు. సంక్రాంతి సెలవుల్లో ఊరికి పోయి ఫోన్‌లో రికార్డు చేశాను. సిర్రతో కొట్టేవి, చిటికెన పుల్లతో కొట్టేవి, రెండూ కలిపి కొట్టేవి, డప్పు కాచిన వెంటనే, చల్లబడ్డాక, ఇలా మొత్తం 64 దెబ్బలు. ఒక్కొక్కటి రెండు సెకన్లు. 40 నాయనవి, 24 పెదనాయనవి.

వీటిని పలికించడానికి వాడింది ప్యూర్ డేటా అనే సాఫ్ట్‌వేర్. పొట్టిగా పీడీ అంటారు. దీన్ని రాసినాయన మిల్లర్ పకెట్. 1980లలో పారిస్‌లోని ఇర్కామ్ అనే సంగీత పరిశోధన సంస్థలో మ్యాక్స్ అనే ప్రోగ్రామును మొదలుపెట్టింది కూడా ఆయనే. మ్యాక్స్ ఇప్పుడు డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిన సరుకు. 1990ల మధ్యలో ఆయన అమెరికాలో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కొత్తగా మొదలుపెట్టిన పీడీ మాత్రం ఉచితం, దాని సోర్సు కోడ్ కూడా ఎవరైనా చూడవచ్చు. స్కాలర్‌షిప్ డబ్బుతో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నవాడికి ఇదే పెద్ద ఆకర్షణ. పీడీలో ప్రోగ్రాము అంటే వరసగా టైపు చేసే కోడ్ కాదు. తెర మీద డబ్బాలు పెట్టి, వాటి మధ్య తీగలు లాగాలి. ఒక్కో డబ్బాను ఆబ్జెక్ట్ అంటారు. అలా కలిపిన మొత్తం పటాన్ని ప్యాచ్ అంటారు.

మా డిపార్ట్‌మెంట్ ప్రదర్శన రోజున నాయన బస్సెక్కి వచ్చాడు. నా టేబుల్ దగ్గర పదిహేను మంది దాకా నిలబడ్డారు. ప్యాచ్ తెరిచాను. తెర కదల్లేదు. వెనక టెర్మినల్ కిటికీలో మాత్రం ఒకే లైను మళ్లీ మళ్లీ పడుతోంది. తెలుగు అక్షరాల్లో రాస్తే అది ఇలా ఉంటుంది: “వాచ్‌డాగ్: సిగ్నలింగ్ పీడీ...” నలభై సెకన్లు అలాగే గడిచాయి. ప్యాచ్ తెరుచుకునే సరికి నాయన, ఒక లెక్చరర్ సార్ తప్ప ఎవరూ లేరు. ఆ తర్వాత దెబ్బలు పలికాయి కూడా. కానీ వినేవాళ్లు పక్క టేబుల్ దగ్గర రోబో కారు చూస్తున్నారు.

తర్వాత చేసిన తప్పులు చెబుతాను. ముందు మెమరీ చాలడం లేదనుకుని స్నేహితుడి కొత్త కంప్యూటర్‌లో పెట్టి చూశాను. కొంచెం తొందరగా తెరుచుకుంది, కానీ ఆ లైను అక్కడా వచ్చింది. పీడీని తీసేసి మళ్లీ ఎక్కించాను. తేడా లేదు. చివరికి ఒకరు వాచ్‌డాగ్ రాకుండా చేసే కిటుకు చెప్పారు. పీడీని మొదలుపెట్టేటప్పుడు హైఫన్ పెట్టి ఎన్, ఆర్, టీ అని చిన్న అక్షరాల్లో కలిపి కొట్టాలి. కొట్టాను. లైను మాయమైంది, నాకు సంతోషమైంది. కానీ ప్యాచ్ తెరుచుకోవడానికి అదే నలభై సెకన్లు పట్టింది. పైగా ఇంకో ప్రోగ్రామేదైనా నడుస్తుంటే దెబ్బల మధ్య చిటపటలు మొదలయ్యాయి. కుక్క మొరుగుతోందని కుక్కను తరిమేశానన్న మాట. అది దేన్ని చూసి మొరిగిందో వెతకలేదు.

వాచ్‌డాగ్ అంటే కాపలా కుక్క. లైనక్స్‌లో పీడీ రియల్ టైమ్ ప్రాధాన్యంతో నడిచేటప్పుడు ఇది కూడా పక్కన వేరే ప్రాసెస్‌గా మొదలవుతుంది. విండోస్‌లో ఈ కాపలా లేదు, కాబట్టి అక్కడ ఈ లైను కనిపించదు. గడ్డకట్టుకుపోవడం మాత్రం అక్కడా ఉంటుంది. రియల్ టైమ్ ప్రాధాన్యం అంటే బస్సులో రిజర్వేషన్ లాంటిది కాదు, అంబులెన్సు లాంటిది. శబ్దం తెగకుండా రావాలంటే పీడీ ఒక్కో విడతకు 64 శాంపిళ్లు లెక్కకట్టి ఇవ్వాలి. సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన చూస్తే ఒక విడత ఒకటిన్నర మిల్లీసెకన్ల కంటే తక్కువ. అందుకే మిగతా ప్రోగ్రాములను పక్కకు నెట్టి ముందుకు పోయే హక్కు దానికి ఇస్తారు. చిక్కంతా ఆ హక్కుతోనే వస్తుంది. ప్యాచ్‌లో ఎక్కడో ఆగని లూపు ఒకటి పడిందనుకోండి. పీడీ ప్రాసెసర్‌ను వదలదు, వేరే ఏదీ నడవదు. ఒకే కోర్ ఉన్న పాత కంప్యూటర్లలో అయితే మౌస్ కూడా కదలదు, స్విచ్ తీసేయడమే గతి. అలాంటప్పుడు పీడీని భుజం తట్టి ఆపడానికి దానికంటే ఎక్కువ ప్రాధాన్యం ఉన్నవాడొకడు కావాలి. ఆ పనే వాచ్‌డాగ్‌ది.

మరి పీడీ చిక్కుకుపోయిందని దానికెలా తెలుస్తుంది? నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. పీడీలో నిజానికి రెండు ప్రాసెస్‌లు ఉంటాయి. లెక్కలు చేసి శబ్దం పుట్టించే ఇంజన్ ఒకటి. డబ్బాలు, తీగలు, కిటికీలు గీసే బొమ్మల భాగం రెండోది. ఆ రెండో భాగానికి మామూలు ప్రాధాన్యమే, అంటే అందరికంటే వెనక వరస. ఆ వెనక వరసలో ఉన్నదే రెండు సెకన్లకోసారి “ఉన్నాను” అని కబురు పంపుతుంది. కబురు నేరుగా వాచ్‌డాగ్‌కు పోదు. ముందు ఇంజన్‌కు పోతుంది, ఇంజన్ దాన్ని అందుకుని వాచ్‌డాగ్‌కు చేరవేయాలి. మన హాస్టల్‌లో రాత్రి హాజరు తీసేటప్పుడు చివరి గదిలోని చిన్న పిల్లవాడి పలుకు వార్డెన్ సార్‌దాకా వినపడితే మధ్య గదులన్నీ సద్దుగా ఉన్నట్టే కదా, ఇదీ అంతే. కబురు వస్తోందంటే రెండు సంగతులు ఒకేసారి తెలుస్తాయి: వెనక వరస ప్రోగ్రాములకు ప్రాసెసర్ దొరుకుతోంది, ఇంజన్ తన దగ్గరికి వచ్చినదాన్ని పట్టించుకుంటోంది. ఐదు సెకన్లు కబురు రాకపోతే వాచ్‌డాగ్ ఇంజన్‌కు ఒక సిగ్నల్ పంపి, ఆ లైను అచ్చేస్తుంది. సిగ్నల్ అందగానే ఇంజన్ కొన్ని పదుల మిల్లీసెకన్లు కళ్లు మూసుకుని ఆగుతుంది. మిగతా ప్రోగ్రాములు ఊపిరి పీల్చుకుంటాయి. కబురు మళ్లీ వచ్చేదాకా వాచ్‌డాగ్ తక్కువ వ్యవధిలో సిగ్నల్ పంపుతూనే ఉంటుంది. ఇంతే. అది పీడీని చంపదు, మీ ఫైలు ముట్టుకోదు.

ఇది తెలిశాక ఆ లైనుకు అర్థం మారిపోయింది. “ఏదో పాడైంది” అని కాదు, “ఐదు సెకన్లుగా ఈ దారిలో కబురు రాలేదు” అని. దారిలో రెండు మజిలీలు ఉన్నాయి కాబట్టి ఎక్కడ ఆగిందో చూడాలి.

చూసే పద్ధతి సులువే. ఇంకో టెర్మినల్ తెరిచి టాప్ అనే ఆదేశం ఇచ్చి, ప్యాచ్ తెరవండి. పీడీ అన్న పేరు నూరు శాతం దగ్గర నిలబడితే ఇంజన్ మునిగి ఉంది. బొమ్మల భాగం విష్ అనో, పీడీ-జీయూఐ అనో కనిపిస్తుంది. అది నూరు దగ్గర ఉంటే గీయడంలో ఆలస్యం. రెండూ ఖాళీగా ఉండి లైను మాత్రం వస్తుంటే డిస్కు దగ్గరో, నెట్‌వర్క్ డ్రైవ్ దగ్గరో ఎదురుచూస్తోందని అనుమానించాలి. నా ప్యాచ్‌లో మొదట పీడీ, దాని తర్వాత విష్, వరసగా రెండూ నూరుకు పోయాయి. బొమ్మలు లేకుండా పీడీని నడిపే నోజీయూఐ అనే ఎంపిక కూడా ఉంది. అలా నడిపితే కబురు పంపే పని ఇంజనే చూసుకుంటుంది. నేను అలా తెరిచినప్పుడు సమయం బాగా తగ్గింది, కానీ లైను ఒకటి రెండుసార్లు అప్పటికీ పడింది. అంటే తప్పు రెండు చోట్లా ఉంది.

ప్యాచ్ తెరవడం అంటే ఏం జరుగుతుందో ఇక్కడ చెప్పాలి. పీడీ ప్యాచ్ ఫైలు మామూలు అక్షరాల ఫైలే. ఇంజన్ దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి, ఒక్కో ఆబ్జెక్ట్‌ను పుట్టించి, తీగలు కలిపి, ఏది ముందు ఏది వెనక లెక్కకట్టాలో వరస వేసుకుంటుంది. ఇదంతా ఒకే బిగిన. మధ్యలో లేచి, ఎవరైనా కబురు పంపారా అని చూడదు. చిన్న ప్యాచ్ అయితే కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. పెద్దదైతే, ఆ ఐదు సెకన్లు దాటితే, వాచ్‌డాగ్‌కు ఆగని లూపుకూ పెద్ద ఫైలుకూ తేడా తెలియదు. రెండింటికీ ఒకేలా మొరుగుతుంది. కాబట్టి తెరుచుకున్నాక లైను దానంతట అదే ఆగిపోతే అది ఆలస్యం మాత్రమే. ఎంతసేపు చూసినా ఆగకపోతే అది లూపు.

నా ఫైలు సైజు చూస్తే యాభై ఎంబీలు దాటి ఉంది. నాలుగు వందల డబ్బాలు కూడా లేని ప్యాచ్ అంత బరువు ఎందుకుందని ఎడిటర్‌లో తెరిస్తే కిందంతా అంకెలే. రికార్డింగులను ప్యాచ్‌లోనే అర్రేలలో పెట్టి, వాటి ప్రాపర్టీస్‌లో “సేవ్ కంటెంట్స్” అన్న గడికి టిక్కు పెట్టాను. సౌకర్యంగా ఉంటుందనుకున్నాను. అది ఏం చేస్తుందంటే, ప్రతి శాంపిల్‌నూ దశాంశ సంఖ్యగా అక్షరాల్లో రాసి పెడుతుంది. రెండు సెకన్ల దెబ్బ అంటే 88,200 సంఖ్యలు. 64 దెబ్బలకు 56,44,800 సంఖ్యలు. తెరిచిన ప్రతిసారీ ఇంజన్ ఈ 56 లక్షల సంఖ్యలను అక్షరం అక్షరం చదివి లెక్కలోకి మార్చుకోవాలి. ఇదే సరుకు 16 బిట్ల వేవ్ ఫైళ్లుగా ఉంటే పదకొండున్నర ఎంబీల లోపే, మార్చే శ్రమ కూడా తక్కువ. దానికి తోడు 64 అర్రేల గ్రాఫులనూ తెర మీదే పరిచాను, చూడటానికి అందంగా ఉంటాయని. వాటిని గీయడమే విష్ పడ్డ అవస్థ.

ఆ ప్యాచ్ పారేసి మళ్లీ మొదలుపెట్టు అని అందరూ అన్నారు. అది నా వల్ల కాలేదు. ఫోన్‌లో స్థలం లేక, ఎలాగూ ప్యాచ్‌లో ఉన్నాయి కదా అని అసలు రికార్డింగులు చెరిపేశాను. ప్రదర్శనకు నెల ముందు పెదనాయన చనిపోయాడు. ఆయన కొట్టిన 24 దెబ్బలు ఆ యాభై ఎంబీల అంకెల్లో తప్ప ఎక్కడా లేవు.

అందుకని ముందు చేసిన పని ప్యాచ్ ఫైలుకు మూడు నకళ్లు తీసి, ఒకటి పెన్ డ్రైవ్‌లో పెట్టడం. తమ్ముళ్లూ, చిక్కు వెతికే ముందు నకలు తీయండి. ఇది ఒక్కటీ నేను సరిగ్గా చేశాను. తర్వాత శబ్దం ఆపేసి, అంటే డీఎస్‌పీ టిక్కు తీసేసి, ప్యాచ్ తెరిచి ఊరికే కూర్చున్నాను. లైను పడుతూనే ఉంది, పడనిచ్చాను. అది ఆలస్యం మాత్రమేనని అప్పటికి తెలుసు కాబట్టి భయపడి కిటికీ మూసేయలేదు. తెరుచుకున్నాక సౌండ్‌ఫైలర్ అనే ఆబ్జెక్ట్‌కు రైట్ ఆదేశం ఇచ్చి ఒక్కో అర్రేనూ వేవ్ ఫైలుగా బయటికి తీశాను. 64 ఫైళ్లు ఒక ఫోల్డర్‌లో చేరాయి. పెదనాయన కాచిన డప్పు దెబ్బ ఒకటి మామూలు ప్లేయర్‌లో మోగించి చూసుకుని, ఆ రాత్రి నిద్రపోయాను.

ఇక ప్యాచ్‌లో గ్రాఫులు తీసేసి టేబుల్ ఆబ్జెక్టులు పెట్టాను. వీటి కిటికీ మనం తెరిస్తే తప్ప గీయాల్సిన పని ఉండదు. ప్యాచ్ తెరుచుకోగానే లోడ్‌బ్యాంగ్ ద్వారా 64 ఫైళ్లనూ సౌండ్‌ఫైలర్‌తో చదివించాను. బాగా తగ్గింది కానీ పాత ల్యాప్‌టాప్ మీద తెర ఇంకా కొన్ని సెకన్లు బిగుసుకుంటోంది. ఒక్కోసారి ఆ లైను కూడా ఒకటి పడుతోంది. ఇక్కడ మళ్లీ ఆగిపోయాను.

ఆదివారం ఇంటికి పోయినప్పుడు నాయన అడిగాడు, “ఏమాయెరా, నీ డబ్బా లేసిందా?” అని. ఉన్నది ఉన్నట్టు చెప్పాను: అరవై నాలుగూ ఒక్కసారే లోపలికి తీసుకోవాలి, అప్పటిదాకా అది వేరే ఏ పనీ చేయలేదు అని. నాయన నవ్వాడు. “మేం పదిమందిమి కొడుతుంటం. డప్పు చల్లబడ్తది. ఒకడు పోయి మంట కాడ కాచుకొస్తడు, తతిమ్మావాళ్లు కొడుతనే ఉంటరు. వాడొచ్చినంక ఇంకొకడు పోతడు. అందరొక్కసారే మంట కాడికి పోతే ఊరేగింపు ఆగదా?”

బస్సులో తిరిగి వస్తూ నోట్‌బుక్‌లో గీసుకున్నాను. సెకనులో పదోవంతుకు ఒకసారి కొట్టే మెట్రో ఒకటి. అది కొట్టినప్పుడల్లా ఒకటి పెరిగే లెక్క. ఆ లెక్కకు సరిపడే పేరున్న ఫైలును మాత్రమే చదవాలి. 64 రాగానే మెట్రో ఆగాలి. ఒక్కో ఫైలు చదవగానే ఇంజన్ తన మామూలు తిరుగుడులోకి వస్తుంది, వచ్చిన కబురు అందుకుని వాచ్‌డాగ్‌కు చేరవేస్తుంది, మళ్లీ తర్వాతి ఫైలు. మొత్తం ఆరున్నర సెకన్ల లోపు. చెప్పాలంటే ఒక్క బిగిన చదవడం కన్నా ఇదే ఎక్కువసేపు. కానీ తెర బిగుసుకోదు, ఎన్ని దెబ్బలు వచ్చాయో అంకె కదులుతూ కనిపిస్తుంది, లైను ఒక్కసారి కూడా పడలేదు. దీంట్లో ఒక జాగ్రత్త ఉంది. ఫైలు చదివేటప్పుడు టేబుల్ సైజు మారుతుంది. శబ్దం నడుస్తుండగా, వాడకంలో ఉన్న టేబుల్ సైజు మారితే ఇంజన్ లెక్కల వరసంతా మళ్లీ వేసుకుంటుంది. 64 సార్లు అలా వేసుకోవడం దండగ కాబట్టి అన్నీ చేరాకే డీఎస్‌పీ పెట్టాలి.

నా చిక్కు ఇది. మీ చిక్కు వేరేది కావచ్చు. ఎక్కువగా వచ్చేవి ఇంకొన్ని చెబుతాను. అన్‌టిల్ అనే ఆబ్జెక్ట్ ఉంటే ముందు దాన్నే చూడండి. ఆపే తీగ మరిచిపోతే అది నిజంగానే ఆగదు, అప్పుడు టెర్మినల్‌లో కంట్రోల్, సీ నొక్కి పీడీని ఆపాల్సిందే. ప్రోగ్రాముతోనే ఆబ్జెక్టులు పుట్టించే అలవాటు కొందరికి ఉంటుంది. డీఎస్‌పీ పెట్టి ఉంచి వందల ఆబ్జెక్టులు అలా పుట్టిస్తే ఒక్కోదానికీ వరస మళ్లీ వేసుకుంటూ పోతుంది. ముందు ఆపేసి, అయ్యాక పెడితే సరి. ఒకే రకం డబ్బాలు వందలు కావాలంటే 2016లో వచ్చిన 0.47 వెర్షన్ నుంచి క్లోన్ అనే ఆబ్జెక్ట్ ఉంది. గంటల పాటల ఫైలును టేబుల్‌లోకి చదవకండి, రీడ్‌ఎస్‌ఎఫ్ వేరే దారంలో డిస్కు నుంచి అప్పటికప్పుడు తెచ్చుకుంటుంది. వెతకాల్సిన ఫోల్డర్ల జాబితా పొడవుగా ఉంటే, పీడీలో ముందే లేని ఆబ్జెక్ట్ కోసం వాటిని వెతుకుతుంది. వెర్బోస్ అనే ఎంపికతో నడిపితే ఎక్కడెక్కడ వెతుకుతోందో చూపిస్తుంది. ఇవేవీ తగలకపోతే నకలు ప్యాచ్‌లో సగం చెరిపి తెరవండి, మిగిలిన సగం చెరిపి తెరవండి. విసుగ్గా ఉంటుంది కానీ ఏడెనిమిది సార్లలో దొరుకుతుంది.

ఎన్‌ఆర్‌టీ కిటుకు పూర్తిగా తప్పని అనను. శబ్దం అక్కర్లేకుండా ప్యాచ్‌లో మార్పులు మాత్రమే చేసుకునేటప్పుడు నేనూ వాడతాను. నలుగురి ముందు వాయించే రోజున మాత్రం వాడను. ఇంకా లోతుగా తెలుసుకోవాలంటే పకెట్ గారు ఎలక్ట్రానిక్ సంగీతం గురించి రాసిన పుస్తకం 2007లో అచ్చయింది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇంగ్లిషు మొదట్లో కష్టంగా ఉంటుంది. బొమ్మలు చూస్తూ, పక్కనే పీడీ తెరుచుకుని చదివితే పట్టుబడుతుంది.

వైవా రోజు ప్యాచ్ సెకనులోపే తెరుచుకుంది. అంకె 64 దాకా పోయింది, డీఎస్‌పీ పెట్టాను, దరువు పలికింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ సార్ ముందు అడిగిన ప్రశ్న కోడ్ గురించి కాదు, 41వ దెబ్బ ఎవరిదని. పెదనాయనది అని చెప్పాను. ఆ 64 ఫైళ్లూ, ప్యాచూ మన హాస్టల్ కంప్యూటర్‌లో డప్పు అనే ఫోల్డర్‌లో పెట్టి వచ్చాను. ప్యాచ్ ఫైలు ఇప్పుడు యాభై కేబీలు కూడా లేదు. టేబుల్ కిటికీలు పది పన్నెండు ఒక్కసారే తెరిస్తే ఆ కంప్యూటర్‌లో ఇప్పటికీ ఆ లైను ఒకసారి పడుతుంది. కంగారు పడి మూసేయకండి, గీయడం అయ్యేదాకా ఆగండి.